పోతరాజు దడ

గౌలిపురలో ఎల్లేష్ ఇల్లెక్కడని అడిగితే, పాల కోసం వచ్చినవాళ్లకూ, దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్లకూ ఒకే గుమ్మం చూపిస్తారు. ఏడాది పొడుగునా అతను బర్రెలు పిండి హోటళ్లకూ ఇళ్లకూ పాలు పోసే మనిషి. ఆషాఢ బోనాలప్పుడు మాత్రం ఒంటినిండా పసుపు పూసుకుని, ఎర్ర ధోవతి బిగించి, కాళ్లకు గజ్జెలు కట్టి, కొరడా ఝళిపిస్తూ అమ్మవారి ఊరేగింపు ముందు చిందేసే పోతరాజు. పోతరాజంటే అమ్మవారికి తమ్ముడు. అక్కకు కాపలాగా నడిచేవాడికి భయమనేది ఉండకూడదు. తాత వేశాడు, తండ్రి వేశాడు, ఇప్పుడు ఇతను వేస్తున్నాడు. ఆ వేషం వాళ్లింటి హక్కని వాడకట్టంతా ఒప్పుకున్న సంగతే.

అంతటి పోతరాజుకు నల్లా నీళ్ల చప్పుడంటే దడ.

కరోనా వచ్చిన ఏడాది అక్టోబరులో పాతబస్తీ మీద పడ్డ వానను చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు. చెరువు నీళ్లు సందుల్లోకి ఎగదన్నిన ఆ సాయంత్రం ఎల్లేష్ కొట్టంలో బర్రెల తాళ్లు విప్పుతున్నాడు. మూడింటిని విప్పి బయటికి తోలాడు. నాలుగోది చంద్రి. దాని తాడు నానిపోయి ముడి బిగుసుకుంది. అంతలో పక్కింటి గోడ కూలి దారికి అడ్డం పడింది, కరెంటు పోయింది, నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. దూలం పట్టుకుని వేలాడుతున్న ఎల్లేష్‌ను తెల్లారాక జనం వచ్చి బయటికి లాగారు. చంద్రి గుంజకే కట్టి ఉంది. ఆ వరదలో మనుషులు పోయిన ఇళ్లున్నాయి. బర్రె పోయిందని ఏడిస్తే నవ్విపోతారని ఎల్లేష్ ఏడవలేదు. ఇంకో బర్రెను కొని తెచ్చి అదే గుంజకు కట్టాడు.

మరుసటి ఏడాది బోనాల్లో, ఛత్రినాక మలుపు దగ్గర ఊరేగింపు చిక్కబడింది. సన్నగా తుంపర మొదలైంది. జనం నాలుగు దిక్కుల నుంచీ ఒత్తుకొచ్చారు. ఎల్లేష్ గుండె దబదబా కొట్టుకుంది, ఊపిరి అందలేదు, చేతులూ కాళ్లూ వణికాయి, కళ్లు తేలేసి నడిరోడ్డు మీద పడిపోయాడు. అతనికి చచ్చిపోతున్నాననిపించింది. జనానికి దేవుడొచ్చాడనిపించింది. బిందెలకొద్దీ పసుపు నీళ్లు తెచ్చి నెత్తిన గుమ్మరించారు. నీళ్లంటేనే పై ప్రాణాలు పైనే పోయే మనిషి మరింత గిలగిల్లాడాడు. ఎంత గిలగిల్లాడితే అంత సత్యమన్నారు. దీవెన కోసం పిల్లల్ని తెచ్చి కాళ్ల దగ్గర పడుకోబెట్టారు.

ఛత్రినాకలో కిరాణా హోల్‌సేల్ నడిపే వైకుంఠం సేటు ఉత్సవ కమిటీకి అధ్యక్షుడు. ఇంత నిఖార్సయిన పూనకం తన జన్మలో చూడలేదని ఆయన మైకులో చెప్పాడు. వీడియోలు ఫోన్లకెక్కాయి. ఆ పై ఏడాది కార్వాన్ నుంచి కూడా జనం వచ్చారు, ఎల్లేష్ మళ్లీ పడ్డాడు. దాని తర్వాతి ఏడాదీ అంతే. అది పూనకం కాదు, భయం అని తెలిసినవాడు ఊరేగింపు మొత్తంలో ఎల్లేష్ ఒక్కడే. కానీ ఒంటినిండా పసుపు పూసుకుని, చేత కొరడా పట్టుకుని, నాకు భయమేసిందని ఎవరితో చెప్పుకుంటాడు?

పట్టుకున్నది అతని భార్య స్వరూప. పొద్దున నల్లా వచ్చి, డ్రమ్ములో నీళ్లు గుబగుబలాడుతుంటే మొగుడు గోడకు ఆనుకుని వణకడం ఆమె కంటబడింది. నెమ్మదిగా అడిగింది.

"నల్లా నీళ్లకు గూడ పూనకం వస్తదా?"

ఎల్లేష్ కొట్టంలోకి జారుకున్నాడు. స్వరూప ఒక చిన్న దవాఖానలో ఆయా. వారానికోసారి అక్కడికి అనూహ్య అనే కౌన్సెలర్ వస్తుంది, తలుపేసుకుని జనంతో మాట్లాడుతుంది. లోపలికి ఏడుపు మొహాలతో పోయినవాళ్లు ఒక్కోసారి ఇంకా ఏడుస్తూ బయటికి రావడం స్వరూప చూసింది. కానీ వాళ్లే వారం తిరిగేసరికి మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చోవడం కూడా చూసింది. అందులో ఏదో ఉందని ఆమె నమ్మకం, అందుకే మొగుణ్ణీ అక్కడికి పొమ్మంది.

ఎల్లేష్‌కు వేరే నమ్మకాలున్నాయి. తలకు కరెంటు పెడతారు. నిద్ర గోలీలిస్తారు, ఇక తెల్లవారుజామున బర్రెల్ని పిండేదెవరు? లేదంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపిస్తారు, అక్కణ్ణుంచి వచ్చినవాడి చేతి పాలు ఎవరూ తాగరు. అప్పటికే అతను తాయెత్తు కట్టించుకున్నాడు, దర్గాలో ఊదిన నీళ్లు తాగాడు. ఆ రెండింటికీ ఓ మర్యాద ఉంది. ఎందుకొచ్చావని అడగవు. దవాఖానలో అడుగుతారు, అదే అసలు భయం. పెళ్లాం పోరు పడలేక, ఒట్టి చేతులతో పోకూడదని లీటరు పాలు పట్టుకుని వెళ్లాడు.

అనూహ్య పాలు వద్దంది, కుర్చీ చూపించింది. జరిగిందంతా ఇవ్వాళే చెప్పాల్సిన పని లేదని, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేస్తానని చెప్పింది. దీనికి నెలలు పడుతుందని, మధ్యలో కొన్నాళ్లు ఎక్కువైనట్టు అనిపించవచ్చని కూడా దాచకుండా చెప్పింది. గోలీలు కావాలంటే వేరే డాక్టరు చూసి రాస్తారు, తను రాయదు. ఎల్లేష్‌కు చాలా నిరాశ కలిగింది. ఆపమంటే ఆపే వైద్యం అతను ఎక్కడా చూడలేదు.

"మీకు పిచ్చి లేదు. వరద తగ్గిపోయిన సంగతి మీ ఒంటికి ఇంకా తెలియలేదు. దానికి మెల్లగా తెలియజెప్పాలి, అంతే" అంది ఆమె.

అంతే అన్నది గానీ, ఆ తెలియజెప్పడమేమీ ఆషామాషీగా లేదు. ఊపిరి పీల్చిన దానికంటే వదలడం ఎక్కువసేపు చేయమంది. దడ మొదలవగానే పాదాలు నేలకు ఆనించి, ఎదురుగా కనబడేవాటి పేర్లు మనసులో అనుకోమంది. కొన్నాళ్లు పోయాక నల్లా వచ్చినప్పుడు డ్రమ్ముకు దూరంగా నిలబడమంది, తర్వాత కొంచెం దగ్గరగా. కొరడా దెబ్బకు జడవని మనిషి డ్రమ్ము పక్కన నిలబడి గోడ, చెంబు, చీపురు అని గొణుక్కుంటుంటే స్వరూప నవ్వాపుకోలేక లోపలికి పోయేది. అనూహ్య చెప్పిన పద్ధతిలోనే బర్రెలు కూడా బుస్సుమని ఊపిరి వదులుతాయని గమనించి ఎల్లేష్ కాస్త నామోషీ పడ్డాడు.

చంద్రి మాట నోటికి రావడానికి చాన్నాళ్లు పట్టింది. వచ్చిన రోజు అతను నేల చూస్తూ చెప్పాడు. తాను పైన దూలం పట్టుకుని ఉంటే చీకట్లో అది అరుస్తూనే ఉంది. తననే పిలుస్తోంది. తర్వాత అరుపు ఆగింది.

"ఆగినంక హమ్మయ్య అనుకున్న మేడం. గంతే. నాకు గదే గుర్తొస్తది."

అనూహ్య ఛీ అనలేదు, అయ్యో అని కూడా అనలేదు. అంత భయంలో ఉన్న మనిషికి ఆ అరుపు ఆగాలనిపించడం, అది చావాలని కోరుకోవడం ఒకటి కాదంది. ఆ వారమంతా ఎల్లేష్‌కు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఇదేం వైద్యం, మానిన పుండు మళ్లీ గోకినట్టుందని స్వరూప మీద ఎగిరాడు. మానితే ఎందుకు వణుకుతున్నావని స్వరూప అడిగింది. మరుసటి వారం మళ్లీ వెళ్లాడు.

ఆషాఢం దగ్గరపడింది. దవాఖాన సంగతి ఎలా పొక్కిందో గానీ వైకుంఠం సేటు ఇంటికే వచ్చాడు. పిచ్చోడన్న మాట అనలేదు, పాపం ఆయన చాలా ఆదరంగానే మాట్లాడాడు.

"నయమైతదంటున్నరా?"

"అయితదంటున్నరు సేటు."

సేటు ముఖం వాడిపోయింది. తాగుతున్న చాయ్ కింద పెట్టాడు.

"నయం చేయించుకో, వద్దంటలేను. గానీ పండుగ అయినంక చేయించుకో అన్నా. గింతమంది నీ పూనకం జూడ వస్తున్నరు, నేనేం జూపియ్యాలె? కార్వాన్ల కొండల్ ఉన్నడు, మస్తు ఊగుతడు. మీ తాత కాలం నుంచి మీ ఇంట్ల ఉన్న వేషం, ఇంకోని చేతుల వెట్టుడు నాకు ఇష్టం లేదు."

బెదిరింపు అంత ప్రేమగా వచ్చేసరికి ఎల్లేష్ సేటుకు ఇంకో కప్పు చాయ్ తెప్పించాడు. తండ్రి చేతి కొరడా తన చేతిలోంచి జారిపోతే వాడకట్టులో తలెత్తుకోలేడు. జారకుండా ఉండాలంటే ఏడాదికోసారి నడిరోడ్డు మీద చచ్చి బతకాలి. వైద్యం కొన్నాళ్లు ఆపొచ్చా అని అనూహ్యను అడిగాడు. ఆపితే ఏమవచ్చో, కొనసాగిస్తే ఏమవచ్చో చెప్పి, నిర్ణయం మీదే అందామె. అతనికి ఒళ్లు మండింది. తాయెత్తు కట్టిన సాయిబు ఇంతకంటే ఖండితంగా చెప్పేవాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున పాదాలకు చల్లగా తగిలితే ఎల్లేష్ కిందికి చూశాడు. డ్రమ్ము నిండి నీళ్లు వాకిట్లోకి పారుతున్నాయి. నల్లా ఎప్పుడొచ్చిందో కూడా తెలియదు. అప్పటిదాకా అతను తవుడు ధర గురించి ఆలోచిస్తున్నాడు. నల్లా కట్టేశాడు. అలాంటి పొద్దు ఇంకొకటి కావాలనిపించింది. ఆ వారం వైద్యం మానలేదు.

బోనాల రోజు మలుపు దగ్గర జనం ఎప్పటికంటే ఎక్కువగా ఉన్నారు. సేటు ముందుజాగ్రత్తగా పసుపు నీళ్ల బిందెలు వరుసగా పెట్టించాడు. ఫోన్లు పైకి లేచాయి. తుంపర పడింది. ఎల్లేష్ గుండె దబదబ మొదలుపెట్టింది. అతను రెండు పాదాలూ తారు రోడ్డుకు ఆనించి, ఊపిరి పొడుగ్గా వదిలాడు. వేపమండ, గొడుగు, డప్పు, పోలీసు, బిందె అనుకున్నాడు. దడ వచ్చింది, పైకి లేచింది, కాసేపుండి దిగిపోయింది. అతను పడలేదు.

జనం ఎదురుచూశారు. డప్పులవాళ్లు దెబ్బ పెంచారు. జర ఊగమని సేటు చెవిలో బతిమాలాడు. ఎల్లేష్ కొరడా ఎత్తి, తండ్రి వేసినట్టే అడుగు తప్పకుండా చిందు వేశాడు. అంత బాగా అతను ఎప్పుడూ వేయలేదు, కానీ చూడవలసిన ఫోన్లన్నీ అప్పటికే దిగిపోయాయి. ఈసారి పోతరాజు రాలేదనీ, ఇంట్లో ఏదో మైల తగిలి ఉంటుందనీ ఆడవాళ్లు గుసగుసలాడారు. పిల్లల్ని ఎత్తుకుని తీసుకుపోయారు.

ఊరేగింపు అయ్యాక సేటు భుజం మీద చెయ్యేసి, వచ్చే ఏడాది కొండల్ వేస్తాడని చెప్పాడు. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో ఆ మాట వినేశాడు. ఇక గుండె దబదబలాడుతుందని ఎల్లేష్ నిలబడి ఎదురుచూశాడు. అది తన మానాన తాను కొట్టుకుంటోంది. సరే సేటూ అని, పసుపు కూడా కడుక్కోకుండా ఇంటికి నడిచాడు.

పాలు పిండే వేళ దాటిపోయింది. కొట్టంలోకి వెళ్లి బర్రె పక్కన గొంతుక్కూర్చుని, గుంజకున్న తాడు మీద చెయ్యేశాడు. లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చింది. పసుపు ముఖం మీద చారలు పడేలా, చంద్రి పేరు పెట్టి పిలుస్తూ, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ చప్పుడుకు స్వరూప చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"మల్ల గదే వచ్చిందా?" అని భయంభయంగా భుజం పట్టుకుంది.

ఎల్లేష్ తల అడ్డంగా ఊపాడు.

"గది గాదు స్వరూపా. ఇది ఉత్త ఏడుపే."