ఉస్తాద్ పెట్టిన నీళ్ల గిన్నెలు

డెబ్బైల చివర్లో జహీరాబాద్ బజార్లో మా ఉస్తాద్ దర్జీ దుకాణంలో నేను మిషన్ కుట్టేవాణ్ణి. అక్కడ కాజాలు తీసి, గుండీలు కుట్టే, న్యాల్‌కల్ ఊరి నుంచి వచ్చే అన్నకు క్షయ పట్టి నెలల తరబడి దవాఖానలో ఉన్నాడు. ఇక ఎవరికీ అంటదు, పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పాకే తిరిగొచ్చాడు.

చిక్కల్లా మా పనిలోనే ఉంది. దారం కొస నోట్లో తడిపితే గాని సూదిలోకి ఎక్కదు. మేమందరం అంతే చేసేవాళ్లం. ఇన్నేళ్లూ ఎవరికీ పట్టని ఆ సంగతి అన్న రాగానే ఊరందరికీ గుర్తొచ్చింది.

కోహీర్ ఊరి పటేల్ ఒకాయన కొడుకు పెళ్లికి కోటు బట్ట తెచ్చి, మూలన అన్నను చూసి మొహం చిట్లించాడు.

"గాయన ఎంగిలి దారం మా పోరని లగ్గం కోటుకు వద్దు ఉస్తాద్. ఆయనను పంపిస్తెనే బట్టిస్త."

అన్న లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "నేను పోత ఉస్తాద్. నా వల్ల మీ గిరాకి చెడొద్దు."

ఆయన పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

చాయ్ ఆలస్యమైతేనే దుకాణం ఎగిరిపోయేలా అరిచే ఉస్తాద్ ఆ రోజు గొంతు పెంచలేదు. మా అందరి ముందూ, తన ముందూ తలో గిన్నెలో నీళ్లు పెట్టారు.

"ఇయ్యాల్టి సంది ఈ దుకాన్ల దారం ఎవ్వని నోట్లకు పోవద్దు. నాది గూడ. నీళ్లల్లనే తడపాలె." తర్వాత పటేల్ వైపు తిరిగారు. "మీ లగ్గం కోటు నా ఎంగిలితోనే కుట్టిన పటేలా. అప్పుడు మీరు అడగలే. ఈయన మాత్రం యాడికి పోడు."

పటేల్ బట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒక్క మనిషిని వేరుగా కూర్చోబెట్టకుండా ఉండటానికి, పుట్టి బుద్ధెరిగిన నాటి అలవాటును అంత పెద్దాయన నిమిషంలో వదిలేశారు. ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

అన్న చెప్పులు విడిచి, మళ్లీ మూలన కూర్చుని ఒక కాజా తీశాడు. ఉస్తాద్ దాన్ని వెలుతుర్లో పెట్టి చూసి, "గిదేం కాజా? ఎలుక కొరికినట్టుంది. ఇప్పి మళ్ల తియ్!" అని గయ్యిమన్నారు.

తిట్లు పడి అంత సంతోషంగా నవ్విన మనిషిని నేను మళ్లీ చూడలేదు.