బాపు నెంబరు మీద అమ్మ ఊపిరితిత్తులు

"పొయ్యి ముందు ఎక్కువసేపు కూర్చోకమ్మా" అని చెప్పడానికి ఒక మనిషి అన్నేళ్లు డాక్టరీ చదవాలా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గోదావరిఖనిలో మా బొగ్గు కంపెనీ దవాఖాన డాక్టరు, దగ్గుతూ వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ ఒక్క మాటే చెప్పేవాడు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చునేది రోజుకు రెండు గంటలు. మిగతా పొద్దంతా బొగ్గు బాయి బయట, కదిలే బెల్టు పక్కన నిలబడి బొగ్గులోంచి రాళ్లు ఏరేది. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. ఏం పని చేస్తావని డాక్టరుగారు ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆయన చదువు అరిగిపోతుందేమో!

అప్పటికి అరవైలు అయిపోవస్తున్నాయి. నాకు పన్నెండేళ్లు. మా బాపు బాయి లోపల పనిచేసేవాడు. లోపలికి దిగే మగవాళ్లకు ఏటా ఛాతీ ఎక్స్‌రే తీసేవాళ్లు. దుమ్మంటే లోపలి దుమ్మేనట. అదే దుమ్ము పైకొచ్చి ఆడవాళ్ల ముక్కుల్లో దూరితే దానికి లెక్కాపత్రం లేదు. అమ్మ రోజు కూలీ, కంపెనీ నెంబరూ కార్డూ లేవు; కార్మికుడి భార్య కాబట్టి దగ్గు మందు సీసా మాత్రం ఇచ్చేవాళ్లు. ఎర్రగా, తియ్యగా ఉండేది. నేనూ దొంగతనంగా తాగేదాన్ని. దాంతో నాకేమీ కాలేదు, అమ్మకూ ఏమీ కాలేదు.

ఒకరోజు దగ్గుతుంటే అమ్మ కొంగులో నెత్తురు పడింది. ఎక్స్‌రే తీసే అన్న మా వాడలోనే ఉండేవాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయి అడిగింది.

"నెంబరు చూసి ఫిల్ము ఇస్తరక్కా, మనిషిని చూసి కాదు" అన్నాడాయన. "బావ కార్డు పట్కరా, తీస్త. మెడల ఉన్నయి మాత్రం తీసేసి రావాలె."

"పుస్తెలా? మనిషి బతికుండంగ ఎట్ల తీస్తనే!" అంది అమ్మ. ఆయన చాలాసేపు చెప్పి చూశాడు. చివరికి విసిగిపోయి, మర్నాడు దవాఖానలో అలాగే తీశాడు.

ఫిల్ములో ఏదైనా కనబడితే బాపు వెంటనే డాక్టరుకు నిజం చెప్పాలి. ఇంట్లో అనుకున్న మాట అదీ. బాపు తలూపాడు కూడా. తలూపడంలో మా బాపును మించినవాడు లేడు.

వారం తర్వాత బాపు నెంబరుకు పిలుపొచ్చింది. ముగ్గురం వెళ్లాం. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, "టీబీ" అన్నాడు. తర్వాత వేలు పెట్టి చూపిస్తూ, "ఈ తెల్లటి గుండ్రాలేమిటి?" అని అడిగాడు. బాపు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే డాక్టరు, "ఇక నువ్వు లోపలికి దిగకూడదు. పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో కూర్చునే పని రాస్తాను" అన్నాడు.

"తాయత్తులు సార్" అన్నాడు బాపు.

డాక్టరు సరేనన్నాడు. ఎవరి ఊపిరితిత్తులు ఆయన చేతిలో ఉన్నాయో ఆ మనిషి రెండడుగుల దూరంలో కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆమె వైపు తిరిగి, "నీ భర్తకు పాలు, గుడ్లు బాగా పెట్టమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు. ఇంత దూరపుచూపున్న డాక్టరును నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు నుంచి బాపు దీపాల గదిలో దర్జాగా కూర్చున్నాడు. పొద్దున్నే గుడ్డు తినేవాడు. ఒక ముక్క అమ్మకు పెట్టాలని కూడా తోచేది కాదు. గోళీలు ఇంటికిచ్చేవాళ్లు కాబట్టి అవి అమ్మ మింగేది. సూది మాత్రం దవాఖానలో, కార్డు తెచ్చిన మనిషికే వేసేవాళ్లు. ఏ జబ్బూ లేని బాపు రోజూ వెళ్లి సూది వేయించుకుని, కుంటుకుంటూ వచ్చి మంచం మీద బోర్లా పడుకుని మూలిగేవాడు.

"జల్ది పోయి నిజం చెప్పరాదు?" అని అమ్మ అడిగితే, "ఏందే, సూదుల నొప్పి నాకు, గోళీలు నీకు. ఇంకేం గావాలె నీకు? నా నౌకరి పోతె తింటవా మన్ను?" అన్నాడు. నాకు ఆయన మీద అసహ్యం మొదలైంది ఆ రోజే. పెద్దయ్యాక తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

నెల తిరిగేసరికి అమ్మ బిందె ఎత్తలేకపోయింది. ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని దవాఖానకు నడిచింది. మగవాళ్ల వరస పక్కనుంచి నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లి బాపు నెంబరు చెప్పింది. "ఆ ఫోటో ఒకసారి తియ్యి సారూ" అంది.

ఆయన చిరాకుపడుతూనే పాత ఫిల్ము బయటికి తీశాడు. అమ్మ మెడలోంచి పుస్తెలతాడు తీసింది. ఆ రెండు పుస్తెలను ఫిల్ములోని తెల్లటి గుండ్రాల మీద పెట్టింది. సరిగ్గా సరిపోయాయి.

"ఇగో, మా ఆయన తాయత్తులు" అంది.

డాక్టరు ముఖం ఎర్రబడింది. "ఇది మోసం! రాశానంటే నీ భర్త ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"రాయి సారూ. ఆడిదాని రొమ్ముల ఫోటో జూసి మొగోడనుకున్న అని గా మాట గూడ రాయి."

అప్పుడు ఆయన ఫిల్మును మొదటిసారి నిజంగా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నర్సును పిలిచి, తలుపు దగ్గరికి వేయించి, తెర వెనక ఈమెకు రోజూ సూది వెయ్యమన్నాడు. జాలితో కాదు. తన తప్పు బయటపడుతుందన్న భయంతో. ఏదైతేనేం, సూది పడింది.

నెలల తరబడి వేశారు, అన్నీ బాపు నెంబరు మీదే. అమ్మ కోలుకుంది. దవాఖాన కాగితాల్లో జబ్బుపడిందీ బాపే, ఓర్చుకుని నయమైందీ బాపే. దీపాల గది కుర్చీ కూడా ఆయనకే ఉండిపోయింది. అమ్మ మళ్లీ బెల్టు దగ్గరికే వెళ్లింది.

అక్కడ ఆమె పక్కన నిలబడి రాళ్లేరే ఒకామె, నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని, ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. కొంగు చాటు నుంచి మొగుడి కార్డు తీసి చూపించింది. మాట్లాడే ముందు చాలాసేపు దగ్గింది.

"ఫోటోకు పోతున్న అక్కా. పుస్తెలు తియ్యాల్నా?"

"తియ్యకు" అంది అమ్మ. "తర్వాత పనికొస్తయి."