సల్వాలో గురువుగారి గాంధారం

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు ఫహాహీల్‌లో బస్సెక్కాం, నేనూ, సోమయాజులుగారూ. చిన్నప్పుడు కోనసీమలో నాకు సరళీస్వరాలు చెప్పిన గురువుగారాయన, ఇప్పుడు విజిట్ వీసా మీద ఈ అరబ్బు దేశంలో ఉన్న తమ్ముడింటికి వచ్చారు. సల్వాలో అబూ సాలెం అనే పెద్దాయన దగ్గర నేను ఏడాదిగా ఊద్ నేర్చుకుంటున్నానని ఎవరో గురువుగారి చెవిన వేశారు. ఊద్ అంటే మెట్లు లేని పొట్టి మెడ వీణలాంటి అరబ్బు వాద్యం. ఆ రోజు నాకు పరీక్ష. నెగ్గితే అబూ సాలెం బృందంలో చోటు. పగలంతా ఏసీలు బిగించే నాకు అది చిన్న సంగతేం కాదు.

"నేనూ వస్తాన్రా. ఆ అరబ్బుకి నాలుగు ముక్కలు చెప్పొస్తాను" అన్నారు గురువుగారు. ఎవరు పిలిచారు గనక!

ఈ బస్సెక్కేవాళ్లు కుడివైపు కూర్చోండి. ఎండ తగలదు, సందుల్లో సముద్రం కనిపిస్తుంది. ఆయన సముద్రం చూడలేదు, గొంతెత్తి ఆలాపన మొదలుపెట్టారు. ముందు సీట్లో, సల్వాలో ఇంటిపని చేసే కడప ఆవిడ వెనక్కి తిరిగింది.

"యాడికి సామీ?"

"అరబ్బులకి సంగీతం నేర్పడానికమ్మా."

"మా మామా, అదే మా ఇంటి అరబ్బమ్మ, రోజంతా పాటలే ఇంటాది సామీ. వాళ్లకి పాటలకేం తక్కువ ల్యా."

"పాటా అది? ఏడుపు!" అన్నారాయన. ఆవిడ మళ్లీ ఇటు తిరగలేదు.

మూడుంపావుకు దిగాం. అబూ సాలెం దివానియా, అంటే మగవాళ్లు కబుర్లకు చేరే గది, వీధి చివర ఉంది. మమ్మల్ని చూడగానే ఆయన నవ్వుతూ "తాల్, తాల్" అన్నారు. రమ్మని అర్థం. గురువుగారికి మాత్రం తాళం వినిపించింది.

"ఏ తాళమని అడుగుతున్నాడు, ఆది తాళమని చెప్పు" అంటూ గుమ్మంలోనే తొడ మీద లెక్క మొదలుపెట్టారు.

"లోపలికి రమ్మంటున్నారండీ."

"తెలుసులేరా" అని ఆవర్తం పూర్తి చేసి మరీ కదిలారు. మహానుభావుడు!

ఖర్జూరాలు, గహ్వా అనే అరబ్బు కాఫీ అయ్యాక ఊద్ అందుకున్నాను. అడిగింది రాస్త్ అనే రాగం. అందులో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ నిలుస్తుంది. అది వేలికి పట్టుబడటానికే నాకు ఏడాది పట్టింది. ఆ స్వరం పలకగానే గురువుగారు "అపస్వరం!" అని అరిచి, చెయ్యి చాపి నా వేలిని పైకి జరిపారు. సిగ్గుచేటు ఏమిటంటే, నా వేలు అక్కడే ఉండిపోయింది. చిన్నప్పటి బెత్తం భయం దానికింకా పోలేదు.

"ఖలాస్" అన్నారు అబూ సాలెం. అంటే చాలు, అయిపోయిందని. పరీక్ష పోయినట్టేననుకున్నాను.

"చూశావా, ఒప్పుకున్నాడు!" అన్నారు గురువుగారు.

మన గమకాల్లో ఆ చోటు మీదుగా రోజూ పోతూనే ఉంటాం. అక్కడ కాసేపు ఆగితే నేరమా? గురువుగారి చెవికి దారి ఒకటే, అదీ ఆయన ఇంటికి పోయేదే.

అబూ సాలెం నావైపు వంగి, "ఆయన్ని చూడకు. మళ్లీ వాయించు" అన్నారు అరబ్బీలో. కళ్లు మూసుకుని వాయించాను. గాంధారం నిలిచింది. ఆయన తలూపారు. "వచ్చే శుక్రవారం నుంచి మాతో కూర్చో. ఈ పెద్దాయన్ని ఇంట్లో వదిలి రా."

"ఏమంటాడ్రా?"

"మీ విద్వత్తు తట్టుకోలేమన్నారండీ."

ఆరింటికి తిరుగు బస్సు. ఈసారీ కిటికీ సీటు ఆయనదే.

"పాపం, వాడికి నా అవసరం ఉందిరా. వచ్చే వారమూ వస్తాను. నువ్వు వాయిస్తుంటే పక్కనే కూచుని సరిచేస్తాను."

బృందంలో చోటు దొరికి పూటైనా కాలేదు.

"వద్దండీ" అన్నాను.

"ఏమిట్రా?"

"మిమ్మల్ని ఇంట్లో వదిలి రమ్మన్నారండీ ఆయన. నా మాటా అదేనండీ."

గురువుగారు కిటికీ వైపు తిరిగారు. నేను ఫహాహీల్ దాకా ఆ గాంధారాన్నే కూనిరాగం తీశాను, పైకే, ఆయన చెవి పక్కనే.