మా అన్న చలిజ్వరం, నా కుళ్లు

మా అన్నకు ఏదో అయిందని తెలిసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మా ఇంట్లో నా పెట్టను కోశారు. నేను తవుడు పెట్టి పెంచుకున్న పెట్ట. దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి ఉన్నాను. అన్న సమ్మయ్య పొద్దున్నే లేచి చాయ గ్లాసు అందుకోబోతే చేతులు వణికి చాయంతా ఒడిలో ఒలికిపోయింది. "నా బిడ్డకు చలిజ్వరం పట్టింది" అని అమ్మ ఏడుపు అందుకుంది. జ్వరమొచ్చిన కొడుక్కి కోడి చారు కావాలి కదా.

మాది మణుగూరు దాటాక అడవిలో చిన్న గూడెం. అన్న పదో తరగతి మధ్యలో మానేసి బొగ్గు లారీల మీద క్లీనర్‌గా చేరాడు. నేను ఇంటర్ చదువుతున్నాను. అతను ఇంటికొస్తే పండుగ. నేనొస్తే బిందె చేతికిచ్చేవారు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు, అన్నకు మాత్రం అడగకుండానే పెట్టేది. అంతకుముందు ఏడు నాకు నిజంగా మలేరియా వస్తే, జ్వరం దిగీ దిగకముందే కట్టెలకు పోయాను. అప్పుడు కోడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మా దగ్గర వణుకుకు మొదటి మందు ఇప్పసారా. నాయనమ్మ చిన్న గ్లాసుడు తాగించింది. కాసేపటికి వణుకు ఆగింది.

"చూసిన్రా, మన మందు ముంగట ఏ సూది పనిచేస్తది?" అంది నాయనమ్మ.

మర్నాడు పొద్దున్న మళ్లీ వణుకు, మళ్లీ గ్లాసు. హెల్త్ వర్కర్ వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకున్నాడు, మాత్రలిచ్చాడు. తర్వాత రిపోర్ట్ నెగెటివ్, మలేరియా లేదని కబురు పంపాడు. అయినా మా వాళ్లు మాత్రలు ఆపలేదు.

నేను అన్నను కనిపెట్టి చూస్తూనే ఉన్నాను. ప్రేమతో కాదు, నా కోడిని తిన్నవాడికి నిజంగా జబ్బుందా లేదా అని. ముట్టుకుంటే ఒంట్లో సెగ లేదు. నాకు మలేరియా వచ్చినప్పుడు దుప్పట్లు ఎన్ని కప్పినా ఆగని చలి, ఆ వెంటనే పెనంలా కాలే ఒళ్లు. ఇతనికి వణుకు ఒక్కటే, అదీ సారా పడితే పోయేది. ఇదంతా దొంగ వేషమని తేల్చుకున్నాను.

మాత్రల మీద సారా పడితే వేడి చేస్తుందని అమ్మ కుండ దాచేసింది. ఆ మర్నాటికి అన్నకు వాంతులు, ఒంటి మీద చీమలు పాకుతున్నాయని కేకలు. ఆ తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకుని నోట నురగ వచ్చింది. జీపు మాట్లాడి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం.

"తాగుతాడా?" అని డాక్టర్ అడిగారు.

"లే సార్, మా పోరడు గసుంటోడు కాదు" అన్నాడు నాయన.

"పండుగకు ఓ చుక్క, గంతే" అంది అమ్మ.

నా కడుపు మండిపోయింది. గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాను. "అబద్ధం సార్. అన్నకు జ్వరమే లేదు. పొద్దుగాల వణుకుతడు, సారా పోయంగనే మంచిగయితడు. లారీ కాడ రోజూ గుడుంబా పాకిట్లు తాగుతడు. వాని బట్టలు ఉతికేది నేనే, వాసన నాకు తెల్వదా? గిదంతా నటన."

అమ్మ నా జబ్బ మీద గిల్లింది. డాక్టర్ మాత్రం నావైపు తిరిగారు.

"నటన కాదమ్మా, ఆల్కహాల్ విత్‌డ్రాయల్. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి తాగుడు ఆగిపోతే ఒళ్లు ఇట్లాగే వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోతుంది. చెప్పి మంచిపని చేశావు."

అతన్ని పట్టిద్దామని చెప్పిన మాట అతన్ని బతికించింది. నాకు సంతోషం కలగాలి కదా. ముందు ఒళ్లు మండింది. ఇక జబ్బు నిజమని డాక్టరే అన్నాక అతనికి ఇంకెన్ని కోళ్లు కోస్తారో అనుకున్నాను. గ్లూకోజ్, థయామిన్ ఇంజక్షన్లు, నిద్ర మాత్రలు. అమ్మ మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి వదల్లేదు. నేను కుళాయి దగ్గర గిన్నెలు కడిగాను.

పంపేటప్పుడు డాక్టర్ "ఒక్క చుక్క కూడా వద్దు" అన్నారు. చలికాలమంతా అన్న ఆ మాట మీద నిలబడ్డాడు. ఇప్పపూల కాలంలో మా గూడెం దేవతల పండుగ, కొలుపు వచ్చింది. ముందు పెద్దలకని కొంత సారా నేల మీద పోసి, తర్వాత ఆకు దొప్పల్లో అందరికీ ఇస్తారు, పిల్లలకూ ఓ చుక్క నాలుకకు రాస్తారు. వద్దంటే చనిపోయిన పెద్దలను కాదన్నట్టే. అన్న కాదనలేక తాగాడు. ఆ వారమే మళ్లీ పాకిట్లు మొదలయ్యాయి. మళ్లీ దవాఖానా, మళ్లీ అమ్మ మంచం పక్కన.

ఆ మరుసటి ఏడు కొలుపులో నాయనమ్మ అన్న దొప్ప తీసుకుని మొత్తం నేల మీద ఒంపేసింది. "పెద్దోళ్లకు మనకన్న ఎక్కువ దూప ఉంటది. వీని వాటా గూడ వాళ్లకే" అంది. ఊరంతా అవ్ అవ్ అంది. అన్న కళ్లు తుడుచుకున్నాడు. పక్కన నా చేతిలో దొప్ప అలాగే ఉంది. నేను ఓర్వలేకపోయాను.

"పెద్దల దీవెనంతా వానికేనా? నాది గూడ ఒంపు నాయనమ్మా" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి, నాదీ ఒంపింది. వెనకున్న పిల్లలు "మాది, మాది" అని దొప్పలు చాపారు. నేను పోటీకి అన్న మాట మా గూడెంలో ఆచారమైపోయింది. ఇప్పుడు పిల్లల నాలుకకు ఎవరూ చుక్క రాయడం లేదు.

అన్న తాగుడు మాని కూలికి పోతున్నాడు. హాస్టళ్లకు పిలిస్తే వెళ్లి తన కథ చెబుతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. పండుగ చుక్క తప్ప ఏనాడూ ముట్టని నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఇంకా కుళ్లుగానే ఉంది.

ఇది చదివేవారికి ఒక్క మాట. మీ ఇంట్లో కుర్రాడికి పొద్దున్నే చేతులు వణికితే సారా మందని పోయకండి, ఉన్నట్టుండి ఆపించనూ వద్దు. వెంటనే దవాఖానాకు తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు అతనంటే ప్రాణం పెట్టేవాళ్లతో పాటు, అతన్ని చూసి కుళ్లుకునే మనిషిని కూడా జీపెక్కించండి. ప్రాణం పెట్టేవాళ్లు డాక్టర్ ముందు దాస్తారు. మాలాంటివాళ్లం దాచం.