సగంలో ఆగిన బోరు

డెబ్బైల చివర, వరుసగా వానలు లేక చిత్తూరు జిల్లా ఐరాల దగ్గర మా ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. కరువు జిల్లాలకని వేరే దేశం ఇచ్చిన బోరు యంత్రం మా ఊరికి వస్తోందని తెలిసి, తిరుపతిలో బీఏ చదువుతున్న నన్ను నాయన పిలిపించాడు. యంత్రంతో వచ్చే తెల్లాయనకు ఇంగ్లీషే గానీ తెలుగు రాదు. ఆయన మాట ఊరికీ, ఊరి మాట ఆయనకూ నేను చెప్పాలి.

ఆయన ముప్పై ఏళ్లు నిండని ఇంజనీరు. ఎండకు మెడ కమిలిపోయి ఉండేది. యంత్రం మోగుతుంటే ఊరంతా చుట్టూ చేరింది. రాతిపొడి లేచి మా తలలన్నీ తెల్లబడ్డాయి. మర్నాడు మధ్యాహ్నానికి తడి మట్టి పైకి వచ్చింది. అమ్మ దాన్ని పిడికిట్లో పట్టుకుని అందరికీ చూపింది. కాసేపటికే లోపల ఏదో విరిగిన చప్పుడై యంత్రం ఆగిపోయింది.

విరిగిన ముక్క తమ దేశం నుంచే రావాలన్నాడు ఇంజనీరు.

"ఎన్నాళ్లు పడతాదో అడుగు," అన్నాడు నాయన.

అడిగాను. "తెలీదంట నాయనా."

"చిత్తూరులో లేతు మిషన్లు ఉండాయి గదా. ఆడ చేయించుకుంటే కాదా?"

అదీ అడిగాను. తమ దేశపు సామానే వాడాలని ఒప్పందంలో ఉందట. వేరేది బిగిస్తే తన ఉద్యోగం పోతుందట, యంత్రాన్నీ వెనక్కి తీసుకుంటారట. చెబుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. నేను తెలుగులో చెప్పగానే, ఆ మాట నాదే అయినట్టు అందరూ నన్ను చూశారు.

"ఇచ్చినోళ్లే వద్దంటే ఇంక ఎవురిని అడిగేదప్పా?" అన్నాడు పక్కింటి పెద్దాయన.



ఇంజనీరు రోజూ వచ్చి యంత్రం నీడలో కూర్చునేవాడు. అమ్మ చెంబుతో నీళ్లిస్తే, అవి ఎంత దూరం నుంచి మోసుకొచ్చినవో తెలుసు గనక తాగడానికి వెనకాడేవాడు.

"తాగమను. ఆయప్ప మాత్రం ఏం జేస్తాడు," అనేది అమ్మ.

ముక్క రాలేదు. ఒకరోజు లారీ వచ్చి యంత్రాన్ని ఈడ్చుకుపోయింది. ఇంజనీరూ దాని వెంటే వెళ్లిపోయాడు. పిల్లలు పడతారని బోరు గుంతను బండతో మూశాం.

మేత లేక నాయన ఎద్దుల జతను సంతకు తోలాడు. నేనూ వెంట వెళ్లాను. వచ్చినవాళ్లందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు తక్కువ. సాయంత్రానికి ఒక ఎద్దే అమ్ముడుపోయింది. రెండోదాన్ని తిరిగి తోలుకొస్తుంటే నాయన దారిలో నన్ను కాలేజీకి పొమ్మన్నాడు.

"ఈడుండి నువ్వు జేసేది ఏముండాది," అన్నాడు.

మర్నాడు బస్సెక్కాను.