కోతపండుగ నాటి ఆముదం

కోడలు మనవడి మాడుకు పెట్టడానికి ఆముదం వెచ్చజేస్తోంది. ఆ వాసన ముందుగదికి వచ్చేసరికి చదువుతున్న వాక్యం మీది నుంచి నా చూపు లేచింది. బజారు సీసాలో ఆముదానికి ఇంత వాసన ఉండదు, ఇది ఊళ్లో ఎవరో వండి పంపింది. ఈ వాసన తగిలితే నాకు రాహేలమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమెతో పాటు, ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేని సంగతి కూడా.

పందొమ్మిది వందల నలభైలలో నేను మేడ్చల్‌కు కొత్తకోడలిగా వచ్చాను. మా ఆయన బడిపంతులు. మా పక్కిల్లు రాహేలమ్మది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆముదపు గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి అమ్మేది. అదే ఆమె బతుకు. శామీర్‌పేట, అలియాబాద్ దాకా చాలా ఇళ్లలో ఆమె ఆముదంతోనే దీపాలు వెలిగేవి. నోరు విప్పి ప్రార్థించడం నాకు నేర్పింది ఆమే. స్త్రీల కూటంలో నిలబడితే నాకు మాట పెగిలేది కాదు. "దేవునికి పెద్ద పెద్ద మాటలు గావాల్నానే? ఇంట్ల ఉప్పు లేకుంటె ఉప్పు లేదను," అనేది.

అప్పట్లో బయటి నుంచి నిజాం సంస్థానంలోకి వచ్చే సరుకుల మీద కరోడ్‌గిరి అధికారులు సుంకం వేసేవారు. కిరసనాయిలూ అలా సుంకం కట్టే మా ఊరికి వచ్చేది. దుకాణదారు దాన్ని ధరలో కలిపేవాడు. మా ఆయన వత్తి తగ్గించుకుని, కళ్లు నులుముకుంటూ పిల్లల రాతలు దిద్దేవారు. మేం గుడి అనే చర్చిలో సాయంత్రపు ఆరాధన పొద్దు గూకకముందే ముగించేవాళ్లం. ఒక ఆదివారం మా ఉపదేశి అయ్యగారు, ఈ సుంకం తొలగిపోవాలని సంఘమంతా ప్రార్థించాలన్నారు. "రాహేలమ్మా, నువ్వు జెయ్యి. నీ మాట దేవుడు ఇంటడు," అన్నారు.

ఆమె లేచి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఏమడగాల్నో నాకు సమజైతలేదు. నీకెరుకే," అని కూర్చుంది. వెనక ఎవరో నవ్వారు. అయ్యగారే ఆ ప్రార్థన ముగించారు.

ఇంటికి నడుస్తూ నేను ఊరుకోలేక అడిగాను. "గట్లెందుకన్నవ్ పెద్దమ్మా? సుంకం వోతె అందరికి మంచిదే గద?"

"నీకు మంచిదే బిడ్డా. గాసునూనె పిరముంది గావట్టి నా ఆముదం కొంటున్నరు. కిరసనాయిలు అగ్గువైతె నా గడప ఎవరు దొక్కుతరు?"

"మరి సుంకం ఉండాల్నని అడగకపోయినవ్?"

"నీ పెనిమిటి కండ్లు గుంజుకపోవాల్నని అడగాల్నానే? నోరెట్లొస్తది?"

ఇంటికి వచ్చి మోకరించి, సుంకం పోవాలనే నేను అడిగాను. లేచేసరికి గోడ అవతల ఆమె రోకటి చప్పుడు వినిపించింది.

కొన్నేళ్లకు సంస్థానం దేశంలో కలిసింది. కిరసనాయిలు మీద సుంకం సడలిందన్నారు, దుకాణంలో ధర దిగింది. ప్రార్థనకు జవాబు వచ్చిందని సంఘమంతా సంతోషించింది. ఆ ఏడు కోతపండుగ ఘనంగా జరిగింది. మాలో ఎవరి చేతికి వచ్చిన మొదటి ఫలం వాళ్లు గుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాకిట్లో వాటిని వేలం వేస్తారు, వచ్చిన డబ్బు గుడికి పోతుంది. దేవునికి ఇచ్చినదేదీ అమ్ముడుపోకుండా మిగలకూడదు. జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయలు అయ్యాక రాహేలమ్మ తెచ్చిన ఆముదం కుండ వంతు వచ్చింది.

"ఎవరు పాడుతరు?" అన్నారు అయ్యగారు. ఎవరూ పలకలేదు. నా ఒళ్లో చంటివాడు. ఆడవాళ్లు వేలం పాడే అలవాటు మాలో లేదు.

"ఆముదం ఇంకేం జేస్కుంటం అక్కా? బండి ఇరుసుకు రాస్కోవాల్నా?" అన్నాడొకాయన.

"నీ నాలికెకు రాస్కో తమ్మీ, జర మెత్తగైతది," అందామె. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. అయినా ఎవరూ పాడలేదు. అప్పుడామె ముందుకు వచ్చింది. "నేనే పాడుతున్న అయ్యగారూ."

"నువ్వు దెచ్చిందే గదమ్మా. ఉత్తగనే తీస్కపో."

"ఇచ్చినంక నాదెట్లయితది? దేవునిది ఉత్తగ తీస్కపోతె దొంగతనం గాదా?"

కొంగుముడి విప్పి డబ్బు బల్ల మీద పెట్టింది. కుండ తెచ్చి నా పక్కన దించి, "పిల్లగాని మాడుకు వెట్టు," అంది.

ఆ తర్వాత ఆమె ఆముదం వండలేదు. కలుపు తీయడానికి కూలికి పోయేది. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్తే, కిరసనాయిలు కందిలి ముందు కూర్చుని, అక్షరం మీద వేలు పెట్టుకుంటూ సువార్త చదువుతోంది. ఆముదం దీపానికి ఆ అక్షరాలు ఆమెకు ఆనేవి కావు.

"నువ్వు గూడ కొన్నవా పెద్దమ్మా?"

"అగ్గువ గద బిడ్డా. అచ్చరాలు సాఫ్ గనిపిస్తున్నయి." కందిలి వత్తి కాస్త పైకి తిప్పింది. "నా పొయ్యార్పింది గిదే. వాక్యం సదివిపిస్తున్నది గూడ గిదే. గదే సమజైతలేదు నాకు."

నాకూ సమజ్ కాలేదు. దేవుడు ప్రార్థన వింటాడన్న దానిలో నాకు ఏనాడూ సందేహం లేదు. ఆనాడు ఆయన విన్నది ఎవరి ప్రార్థన అన్నదే తెలియదు. ఇప్పుడు సంఘంలో పెద్దదాన్ని నేను. పత్రికలో ఏదో సుంకం పెరిగిందనో తగ్గిందనో వస్తుంది, ధరల కోసం ప్రార్థించమ్మా అంటారు. లేచి నిలబడతాను. అడగబోయే మాట నోటి దాకా వస్తుంది, అంతలో గోడ అవతల రోకటి చప్పుడు వినిపించినట్టవుతుంది. "ఏమడగాలో తెలియడం లేదు ప్రభువా, నీకెరుకే," అని కూర్చుంటాను.

వెనక ఎవరో నవ్వుతారు.