మోకాళ్ల మీద నా సుదీర్ఘ ప్రార్థన

పాస్టరునైన నన్ను ఎనిమిదేళ్లుగా కీళ్లవాతం వేధిస్తున్నా, ప్రార్థనకు పిలిస్తే చాలు, బొగ్గుతో నడిచే బస్సయినా ఎక్కేస్తాను. ఈ రోజు చోడవరం నుంచి కె.కోటపాడు వెళ్లాను. అక్కడ మా సంఘస్తురాలు మరియమ్మ వారంగా జ్వరంతో మంచం పట్టింది.

మంచం పక్కన మోకరించి, ఆమెను లేపమని దేవుణ్ణి వేడుకున్నాను. ముగించబోయేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. లేవలేనని చెప్పడానికి సిగ్గేసి ప్రార్థన పొడిగించాను. ఇంటిల్లిపాది కోసం, చెరకు తోట కోసం, చివరికి ఈనబోయే గేదె కోసం కూడా ప్రార్థించాను. ఈలోగా తిరుగు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఆఖరికి మరియమ్మే మంచం దిగి నా రెక్క పట్టుకుంది.

"లెగలేకపోతన్నారేటి అయ్యగారూ? ఆ మాట ముందే సెప్పొచ్చు కదా బాబూ!"

దేవుడు నా మొర విన్నాడు. ఆమెను లేపాడు, నన్ను లేపడానికి. ఆదివారం దీన్ని సాక్ష్యంగా చెప్పమంటారా, నోరు మూసుకోమంటారా?